కొచ్చిలో అవ్వ పట్టుకున్న పోగు

అవ్వకు, అంటే మా అమ్మకు, మతి తప్పలేదని ఎన్నిసార్లు చెప్పాలి? మా అక్క సోమవారానికి డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ కూడా తీసేసుకుంది. మందులు మొదలుపెట్టిస్తుందట. ఇకమీదట అవ్వను ఒంటరిగా గడప దాటనివ్వదట. ఫోన్‌లో వీడియో చూపించినా "దయ్యాల ముచ్చట్లు బంజెయ్‌రా" అంటోంది.

దయ్యాలను నేనూ నమ్మను. హాస్టల్‌లో పక్క గదిలోంచి ఏడుపు వినిపిస్తోందని అందరూ వణికితే, వెళ్లి కారుతున్న నల్లా కట్టేసి వచ్చింది నేనే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను కరీంనగర్‌లో హాస్టల్‌లో పెరిగాను. అవ్వా బాపూ సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేశారు. ఆ మోతకు అవ్వ చెవులు దాదాపు పోయాయి. పక్కన నిలబడి అరిస్తేనే వినిపిస్తుంది. షెడ్డులో ఒకరి మాట ఒకరికి వినబడదు కాబట్టి ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. అరచేయి బోర్లించి కిందికి నొక్కితే ఆపమని. ఇంట్లో నేను అరుస్తున్నప్పుడు కూడా బాపు ఆ రెండో సైగే చేసేవాడు.

బాపు పోయి మూడేళ్లయింది. ఆయన సముద్రం చూడనే లేదు. అవ్వకైనా చూపిద్దామని ముంబై నుంచి గోవా, కొచ్చి వెళ్లే ఓడ ఎక్కించాను.

గోవా బాగానే గడిచింది. ఓడలో మా గది కర్టెన్‌ను అవ్వ వేళ్ల మధ్య నలిపి చూసి, "పాలిస్టర్. మంచిగనే నేసిండ్రు" అని సర్టిఫికెట్ కూడా ఇచ్చింది.

కొచ్చిలో ఉదయం దిగాం. నాలుగింటికల్లా మళ్లీ ఓడ ఎక్కాలి. ఒడ్డున ఆ పెద్ద చైనా వలల దగ్గర నేను రీల్ తీసుకుంటుంటే అవ్వ మాటిమాటికీ అడ్డం వస్తోంది. నాకు తిక్కరేగింది.

"ఎన్నిసార్లు చెప్పాలె అవ్వా? చెవులు లేకుంటే కండ్లు గూడ లేవా? గాడ నిలబడు, కదలకు!"

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. అవ్వ కొంగు సర్దుకుని వెనక్కి వెళ్లి నిలబడింది.

రీల్ అయ్యాక చూస్తే అవ్వ లేదు.

ఆమె ఫోన్ ఓడలోనే ఉంది. అక్కడి భాష రాదు. అప్పటికే రెండు దాటింది. వలల దగ్గర, చర్చి దగ్గర, మిరియాలు, యాలకులు అమ్మే దుకాణాల్లో ఫోటో చూపిస్తూ కనబడిన ప్రతివాళ్లనూ అడిగాను. ఆ పరేషాన్‌లో అక్కకు ఫోన్ చేశాను. నేను చేసిన పెద్ద తప్పు అదే.

మూడుంబావుకు ఒక సందు చివర దొరికింది. మూతబడిన పాత గోదాము, తలుపుకు తుప్పుపట్టిన తాళం. ఆ అరుగు మీద తాపీగా కూర్చుని ఉంది.

"ఏడికి వోయినవే? నా పానం పోయింది!"

"లొల్లి చెయ్యకు బిడ్డా. మీ బాపు పిలిచిండు."

నేను తలుపుకున్న తాళం వైపు చూశాను.

"పోగు తెగిందన్నడు. నేను కొసలు పట్టుకున్న, ఆయన ముడేసిండు. ఎప్పటి లెక్కనే. నీ గురించి గిట్లన్నడు" అంటూ అరచేయి బోర్లించి మెల్లగా కిందికి నొక్కింది.

గుప్పిట తెరిచింది. అందులో మూరెడు తెల్ల నూలు పోగు. మధ్యలో చిన్న ముడి. అరుగు మీద, సందులో ఎక్కడా దారం ముక్క లేదు. ఆ గోదాములో ఎప్పుడూ మిరియాల బస్తాలే ఉండేవని, అది మూతపడి చాలా ఏళ్లయిందని పక్క దుకాణదారు హిందీలో చెప్పాడు.

పరుగెత్తి ఓడ అందుకున్నాం. గదిలో కూర్చుని రీల్ చూశాను. నా భుజం వెనక అవ్వ. ఉన్నట్టుండి తలెత్తి సందు వైపు చూసింది. అటు ఎవరున్నారో ఫ్రేములో లేదు. ఏమిటన్నట్టు చేయి తిప్పింది. తర్వాత రెండు వేళ్లు కత్తెరలా ఆడించింది. తలూపింది. నవ్వింది. నడిచి వెళ్లిపోయింది.

అక్క దగ్గర దేనికైనా జవాబుంది. అవ్వ ఏదో ఊహించుకుందట, దారం ఎక్కడో దొరికి ఉంటుందట, తనే ముడేసుకుందట. సరే. కానీ బాపుది ఎడమచేతి వాటం. ఆయన వేసే ముడి అందరి ముళ్లకూ తిరగబడి ఉండేది. చిన్నప్పుడు సెలవుల్లో నేను నేర్చుకోబోయి చిక్కులు పెడితే, "మీ బాపుది ఉల్టా ముడి, నీతోని కాదు" అని అవ్వ నవ్వేది. కొచ్చి నుంచి తెచ్చిన ముడి ఉల్టా ముడే.

నిన్న అక్క ముందే అవ్వకు పోగులిచ్చి పదిసార్లు ముడి వేయించాను. పదీ మామూలు ముళ్లే. ఒక్క వేలు తడబడలేదు. అక్క వాటిని పట్టి పట్టి చూసింది. అపాయింట్‌మెంట్ మాత్రం రద్దు చేయలేదు.

ఆ ముడి ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. పోగు నా ఫోన్ కవర్‌లో ఉంది. సోమవారం డాక్టర్ బల్ల మీద పెడతాను, పక్కనే ఈ పదీ పెడతాను. ఆ పది ముళ్లూ చూశాక, అవి వేసిన మనిషికి మతి లేదని మీరైనా అనగలరా?