నాన్న కనురెప్ప మీద ఎర్రచుక్క

నాన్నకు కుడికన్ను ఎప్పుడో పోయింది. షిప్పుల రిపేరు షెడ్డులో వెల్డరుగా పనిచేస్తున్న రోజుల్లో ఇనపరజను పడింది. అప్పట్నుంచి ఎడమకన్నును చంటిపిల్లలా కాపాడుకున్నాడు. నా చిన్నప్పుడు కంచరపాలెంలో వెల్డింగు చేసే గ్రిల్స్ షాపుల ముందు నడిచేటప్పుడు తన మొహం పక్కకు తిప్పుకుని, నా కళ్లకు అరచెయ్యి అడ్డం పెట్టేవాడు.

ఆ ఎడమకంట్లోనూ శుక్లం ముదిరి, మల్లెమొగ్గలా తెల్లబడింది. ఆపరేషన్‌కి రమ్మంటే ఏళ్లతరబడి వాయిదా వేశాడు, మొండిఘటం. చివరికి నేనే కసిరి ఆస్పత్రికి లాక్కెళ్లాను. కంటి వెనక పొర బాగుంటేనే ఆపరేషన్ పనికొస్తుందని, ముందు పరీక్ష చెయ్యాలని డాక్టరుగారు అన్నారు. సన్నటి లేజర్ వెలుగును శుక్లం గుండా లోపలికి పంపుతారు. పొర పనిచేస్తుంటే చారలు కనిపిస్తాయి.

గదిలో దీపాలు తగ్గించారు. పరీక్ష చేసే అమ్మాయి తన మిషను వైపు చూస్తూ, “లైటు వేస్తున్నానండీ. చారలు కనిపిస్తున్నాయా?” అంది.

“ఏటీ కనపళ్లేదమ్మా.”

రెండోసారీ అంతే. ఆ అమ్మాయి మొహం వాడిపోయింది. ఇక నాన్నకు నా మొహం కనిపించదన్నమాట.

మూడోసారి నేను నాన్ననే చూస్తున్నాను. కంటి దగ్గర మసక ఎర్రచుక్క. మిషను మీద వెలిగే చిన్న ఎర్రబల్బు వెలుగేమో అనుకుని, అలవాటుగా తల కాస్త అటూ ఇటూ కదిపాను. స్టీలుప్లాంటులో మోటార్లనూ పంపులనూ లేజర్‌తో సరిచూడటం నా ఉద్యోగం. పట్టపగలు ప్లాంటు షెడ్డులో లేజరు చుక్క వెలవెలబోయి, మామూలు వెలుగులో కలిసిపోతుంది. అందుకే తల కదిపి చూస్తాం. చుక్కలో ఇసకరేణువుల్లాంటి మెరుపులు మెదిలితే అది లేజరు. మామూలు వెలుగు నున్నగా, కదలకుండా ఉంటుంది. ఇక్కడ రేణువులు మెదిలాయి. మెదిలింది కూడా ఎక్కడ? మూసుకున్న కనురెప్ప మీద!

నాకు కోపం, నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. నాన్న పనిచేసిన షెడ్డులో వెల్డింగు మొదలెట్టేముందు “లైటు!” అని కేకేస్తారు. అది వినగానే చుట్టూ ఉన్నవాళ్లంతా కళ్లు మూసుకోవాలి. ఇన్నేళ్లయినా నాన్నకు ఆ అలవాటు పోలేదు.

“నాన్నా, కన్ను మూసేస్తన్నావేటి? తెరువు.”

“లైటేత్తానంటంది కదే. సూస్తే ఉన్నది కూడా పోద్ది.”

“ఇది వెల్డింగు కాదు నాన్నా. ఏటీ అవదు, నాను మాటిత్తన్నాను. సూడు.”

నాన్న చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. మెల్లగా కన్ను తెరిచాడు. ఆ అమ్మాయి ఈసారి ‘లైటు’ అనకుండానే మీట నొక్కింది. నాన్న రెప్ప అదిరింది, కానీ వాలలేదు.

“కమ్మీలు...” అన్నాడు నాన్న. “ఎర్ర కమ్మీలు పక్కపక్కన పేర్సినట్టున్నాయే అమ్మా. సన్నంగా.”

“నిలువుగానా, అడ్డంగానా?” అంటున్న ఆ అమ్మాయి గొంతులో సంతోషం దాగలేదు.

“నిలువే.”

పరీక్ష అయిపోయింది, ఆ అమ్మాయి లైటు ఆపేసింది. నాన్న మాత్రం కన్ను విప్పార్చుకుని అలాగే కూర్చున్నాడు.

“ఇంకోపాలి ఎయ్యమ్మా, ఆ లైటు” అన్నాడు.