అనసూయ ఆంటీకి చెప్పిన ఫైట్లు

మొన్న శనివారం మా పాపను బొమ్మల సినిమాకు తీసుకెళ్ళాను. తెర మీద కుందేళ్ళు పాట పాడుకుంటుంటే పక్క హాల్లోంచి గోడ దాటుకుని ధబ్, ధబ్ అని ఒక శబ్దం మొదలైంది. చెవికి చేరడం కంటే ముందు అది కుర్చీ మీద ఆనించిన నా మోచేతికి తగిలింది. ఎవడో ఎవణ్ణో గోడకేసి బాదుతున్నాడు. కాసేపటికి అద్దాలు పగిలిన గలగల, ఆ వెంటనే బండి ఇంజను గుర్రుమనడం. నేను కళ్ళు మూసుకున్నాను. "కిటికీలోంచి దూకిండు. కింద జీపు రెడీగ ఉంది" అని నాకు తెలియకుండానే గొణిగాను. పాప నా చెయ్యి లాగి, "అమ్మా, ఎవరు జంప్ చేశారు? రాబిట్‌కి జీప్ లేదు కదా" అంది. అది పుట్టకముందే పోయిన మనిషి గురించి, చీకటి హాల్లో పాప్‌కార్న్ నములుతూ చెప్పే సంగతి కాదది.

పెళ్ళయి వరంగల్ నుంచి అమెరికాలో టెక్సస్‌లోని ఫ్రిస్కో వచ్చిన కొత్తలో నాకు అన్నీ కలలో చూస్తున్నట్టే ఉండేవి. ఒకే రంగు ఇటుకల ఇళ్ళు, నున్నటి రోడ్లు, తల ఎత్తితే ఎక్కడా అడ్డులేని ఆకాశం. మనిషి మాత్రం కనపడడు. కారు కదిలి వెళ్తుంది, గరాజ్ తలుపు దానంతటది మూసుకుంటుంది, అంతే. మా ఆయన శ్రీకాంత్ ఆఫీసుకు వెళ్ళాక ఆ నిశ్శబ్దంలో నేనొక్కదాన్నే మిగిలేదాన్ని. డ్రైవింగ్ రాకపోతే కొత్తిమీర కట్ట కూడా తెచ్చుకోలేని ఊరది. అలాంటి ఒక మధ్యాహ్నం పక్కింట్లోంచి తుపాకీ మోతలు వినపడ్డాయి. టెక్సస్ వెళ్తున్నానంటే అక్కడ ఇంటింటా తుపాకులుంటాయని మా వాళ్ళంతా ముందే భయపెట్టి పంపారాయె. వంటింట్లో బల్ల కింద దూరి శ్రీకాంత్‌కు ఫోన్ చేస్తే అతను పడీ పడీ నవ్వాడు. "ఏం కాదే, అనసూయ ఆంటీ సినిమా చూస్తున్నట్టున్నారు. వెళ్ళి పరిచయం చేసుకో" అన్నాడు.

వెళ్ళాను. అరవై దాటిన ఆవిడ, నేత చీర, జారుముడి, ఒళ్ళో మరమరాల గిన్నె. తెర మీద రైలు పైకప్పు మీద ఇద్దరు కలబడుతున్నారు. నేనెవరో, ఎందుకొచ్చానో అడగలేదు. "కూర్చో, కూర్చో, ఇప్పుడు సొరంగం వస్తుంది" అంది. ఆమెది తెనాలి. ఈ దేశం వచ్చి ఎన్నో ఏళ్ళు ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఏడుపు సినిమాలంటే ఒళ్ళు మంట. నిధి కోసం అడవిలో పడి కొట్టుకునేవాళ్ళు, తుఫానులో ఓడ నడిపేవాళ్ళు, గుర్రం మీంచి రైల్లోకి దూకేవాళ్ళు, వీళ్ళే ఆమె చుట్టాలు. అయితే దూకిన ప్రతివాణ్ణీ మెచ్చుకునేది కాదు. "వీడు చూడకుండా దూకాడే. వీడికి కింద పరుపు ఉందని తెలుసు" అని తీసిపారేసేది. దూకే ముందు ఒక్క క్షణం ఆగి, గుటక వేసి, కిందికి చూసేవాడుంటే మాత్రం రిమోట్ పట్టుకుని వెనక్కి తిప్పి మళ్ళీ చూపించేది. "చూశావా, భయపడ్డాడు. వీడు మనవాడు."

ఆమె కళ్ళ సంగతి రెండో వారంలోనే చెప్పేసింది, పంచదార అయిపోయిందని చెప్పినంత మామూలుగా. చూపు మధ్యలో మచ్చ మొదలైందట, అది పెరుగుతుందట. ఇప్పటికి ఒక కంటిలోనే ఉంది కాబట్టి పగటిపూట దగ్గర్లో నడుపుకోవచ్చని, తర్వాత కారు మానేయక తప్పదని డాక్టరు అన్నాడట. "చీకటి పడటం గురించి కాదే నా బెంగ. సినిమాకి ఎవరు తీసుకెళ్తారు? టీవీలో చూస్తే ఓడ మునిగినా బకెట్ మునిగినట్టే ఉంటుంది" అంది. కాసేపు మరమరాలు నమిలి, "నీకు కారు రాదు, నాకు కారు పోతుంది. నేను నేర్పిస్తా. నువ్వు నన్ను మ్యాట్నీకి తిప్పు" అంది. నేను శ్రీకాంత్ నేర్పిస్తాడని నసిగాను. "మొగుడి దగ్గర డ్రైవింగా? ఫ్రిస్కోలో సగం విడాకులు పార్కింగ్ లాట్లలోనే మొదలవుతాయి, తెలుసా!" అని నవ్వింది. అలా కుదిరింది మా ఒప్పందం.

డ్రైవింగ్ నేర్చుకునే పర్మిట్ చేతికి రాగానే థియేటర్ వెనకున్న ఖాళీ పార్కింగ్ మాకు బడి అయింది. మొదటి ఆట జనం రాకముందు గంటసేపు పాఠం, తర్వాత సినిమా. మొదటి రోజు నేను ధీమాగా వెళ్ళి కుడి తలుపు తీసి కూర్చున్నాను. ఎదురుగా స్టీరింగ్ లేదు. ఈ దేశంలో అది ఎడమవైపు, బండ్లు పోయేది రోడ్డుకు కుడివైపు. ఆంటీ ఎడమ తలుపు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నించుని, "మహారాణీ, డ్రైవర్ రాలేదా?" అంది. ఆమె పాఠాలన్నీ తెర మీంచే వచ్చేవి. "హీరో తల తిప్పకుండా లేన్ మారాడంటే అది కెమెరావాడి గొప్ప. నీకు కెమెరావాడు లేడు. మిర్రర్ చూడు, తల తిప్పు, అప్పుడు కదులు." నేను "నాకు భయమైతుంది ఆంటీ" అంటే, "అయితే మంచిదేగా. నువ్వూ మనదానివే" అనేది. నా వరంగల్ మాటలు ఆమెకు భలే సరదా. "భయమైతుంది" అని తనూ నాలుగుసార్లు అనుకుని మురిసిపోయేది.

లైసెన్సు వచ్చింది. అన్నీ సవ్యంగా ఉన్నాయనుకున్నాను. అప్పుడే ఒక తెలుగు ఫైట్ల సినిమాకు వెళ్ళాం. గోదావరి గట్టు మీద కార్ల ఛేజింగ్, దుమ్ము, గాల్లోకి లేచే సుమోలు, ఈలలు. బయటికొచ్చేసరికి ఎండ తెల్లగా కమ్మేసింది. కళ్ళ ముందు ఇంకా ఆ గట్టే ఉంది, ఒళ్ళంతా తేలిపోతున్నట్టుంది. సినిమాలో హీరో కుడివైపు కూర్చుని, రోడ్డుకు ఎడమ పక్కన దూసుకుపోయాడు కదా, నేనూ పార్కింగ్‌లోంచి తిప్పి హాయిగా ఎడమ పక్కకే ఎక్కాను. ఎంత హాయిగా అంటే, పక్కన ఆంటీ ఇంకా ఆ పాట కూనిరాగం తీస్తూనే ఉంది. ఎదురుగా ఎర్ర పికప్ ట్రక్కు! హారన్ ఊరంతా మోగింది. ఆంటీ అరవలేదు. "కుడికి. కుడికి. ఇంకా. ఆగు" అంది. గడ్డి మీదికెక్కి ఆగాం. ట్రక్కువాడు ఏదో తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. చేతులు స్టీరింగ్ వదలడం లేదు. ఆంటీ నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, "ఇది గోదావరి గట్టు కాదే తల్లీ" అని నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. "నాకు ఆ ట్రక్కు కనపడలేదే. హారన్ విని చెప్పాను" అంది.

మచ్చ రెండో కంటికి కూడా వచ్చేసింది. శ్రీకాంత్ వచ్చి మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళాడు. ఆంటీ తన కారు తాళాలు తీసి మా గుమ్మం పక్క కొక్కేనికి తగిలించి, "ఇక నేను అడిగినా ఇవ్వకు" అని వెళ్ళిపోయింది. నేను కూడా ఇక జన్మలో స్టీరింగ్ పట్టనని మొండికేశాను. శ్రీకాంత్ బతిమాలాడు, కోప్పడ్డాడు, ఊరుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళం, చెరో ఇంట్లో, కంచెకు ఇటొకరం అటొకరం, కదలకుండా ఉండిపోయాం. మళ్ళీ ఆ మొదటి రోజుల కలలో పడ్డట్టే ఉంది నాకు. ఆకాశం అలాగే ఉంది, గరాజ్ తలుపులు వాటంతటవే మూసుకుంటున్నాయి.

ఒకరోజు పులిహోర ఇద్దామని వెళ్ళాను. ఆంటీ టీవీకి జానెడు దూరంలో పీట వేసుకుని కూర్చుని ఉంది. మొహం పక్కకు తిప్పి, కంటి కొసతో తెరను పట్టుకోవడానికి అవస్థ పడుతోంది. తెర మీద అదే రైలు పైకప్పు, అదే కొట్లాట. నన్ను చూసి, "పక్కనున్న రౌడీలందరూ కనపడుతున్నారే. హీరో ఒక్కడే కనపడడు. ఎటు చూస్తే అటు వాడి మొహం మీద పొగ" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం దుఃఖం ముంచుకొచ్చింది. పులిహోర అక్కడ పెట్టేసి ఇంటికెళ్ళి కొక్కేనికున్న తాళాలు తెచ్చాను. "లేవండి ఆంటీ. మ్యాట్నీకి పోదాం పాండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆమె లోపలికెళ్ళి చీర మార్చుకుని వచ్చింది.

కారెక్కాక షరతు పెట్టింది. "నేను చూడలేను కాబట్టి నువ్వు నోటితో చెప్పాలి. ఏం కనపడితే అది. చెప్పకపోతే నువ్వు చూశావని నాకెలా తెలుస్తుంది?" సరేనని మొదలుపెట్టాను. మనం కుడి పక్కన ఉన్నం. ముందు తెల్ల వ్యాను, బ్రేకు వేస్తుండు. ఎడమ పక్కన ముసలాయన, ఇండికేటర్ వేసి మర్చిపోయిండు. ఆంటీ ప్రతిదానికీ "ఊఁ, ఊఁ" అంటూ కథ వింటున్నట్టు వింది. చెబుతూ చెబుతూ భయపడటానికి నాకు తీరిక దొరకలేదు. హాల్లో కూర్చున్నాక నా మోచెయ్యి పొడిచి, "ఇక్కడ ఆపావేంటే? చెప్పు" అంది.

ఫైటు చెప్పడం అంత సులువు కాదు బాబూ! మొదట్లో నేను, "కొడుతుండు... ఇంకా కొడుతుండు" అనేదాన్ని. "ఎవడు? ఎవణ్ణి? చేత్తోనా, కాలితోనా? కింద పడ్డవాడు లేచాడా?" అని ప్రాణం తీసేది. తల ప్రాణం తోకకొచ్చేది నాకు. మ్యాట్నీకి జనం పల్చగా ఉండేవారు కాబట్టి వెనక వరసలో గుసగుసలాడుతూ బతికిపోయాం. మెల్లమెల్లగా నాకు కనపడటం మొదలైంది. విలన్ కొట్టే ముందు ఉంగరం తిప్పుకోవడం, హీరో ఎడమ భుజం వాలిపోయి ఉండటం, తాడు ఒక్కో పోగే తెగడం. మామూలుగా కళ్ళు తెరుచుకుని చూసిన రోజుల్లో ఇవేవీ చూడనేలేదు నేను. దూకే సీను వచ్చినప్పుడు ఆంటీ నా మణికట్టు పట్టుకునేది. "కిందికి చూశాడా?" అని అడిగేది. "చూసిండు ఆంటీ. గుటక వేసిండు" అంటే, తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలేది. నిధులు దొరికాయి, ఓడలు ఒడ్డెక్కాయి, నాకు ఉద్యోగం వచ్చింది. రోజూ టోల్ కట్టే హైవే మీద ఒక్కదాన్నే వెళ్ళి వచ్చేదాన్ని.

ఆ చలికాలం ఆమె గుండె కూడా నీరసించింది. హాల్లో అంతసేపు కూర్చోలేకపోయేది. ఆమెను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న మర్నాడు, "సినిమా వద్దులే. ఊరికే అలా తిప్పు" అంది. సాయంత్రపు ఎండ రోడ్డు పొడవునా పసుపు ఆరబోసినట్టుంది. నేను చెప్పుకుంటూ పోయాను. నల్ల లారీ పక్కనే వస్తోంది, డ్రైవర్ మనల్నే చూస్తున్నాడు. ముందు వంతెన. వంతెన మీద ఎవడో ఆగి ఉన్నాడు, చేతిలో ఏదో ఉంది. "తుపాకీయేనా?" అంది ఆంటీ కళ్ళు మూసుకుని. "గొడుగు ఆంటీ." "నీ మొహం, తుపాకీ అనొచ్చుగా!" ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాం. ఇల్లు వచ్చింది. ఇంజను ఆపాను. ఆమె సీటు బెల్టు తీయలేదు. "ఇంకో రౌండ్ వేద్దామే. విలన్ ఇంకా చావలేదు" అంది. మళ్ళీ స్టార్ట్ చేశాను. ఆ వారం దాటకుండానే పోయింది.

నేనిప్పటికీ ఒంటరిగా బండి నడిపేటప్పుడు పైకి చెబుతూనే ఉంటాను. పక్క కారువాళ్ళు ఫోన్ మాట్లాడుతున్నాననుకుంటారు, అనుకోనీ. నిన్న ఆఫీసుకు వెళ్తుంటే కుండపోత వాన. పెద్ద ట్రక్కు ఒకటి దాటిపోతూ ముందు అద్దం మీద నీళ్ళు కుమ్మరించింది. రోడ్డు లేదు, గీతలు లేవు, అంతా తెలుపు. "ఏం కనపడ్తలేదు ఆంటీ" అన్నాను గట్టిగా. వైపర్ ఒకసారి తిరిగింది, మళ్ళీ తిరిగింది. "ఆగండి. ట్రక్కు పోయింది. ముందు ఎర్ర లైట్లు, దూరంగనే ఉన్నయి. కుడి పక్కన ఖాళీ ఉంది." మిర్రర్‌లో చూశాను, తల తిప్పి చూశాను, గుటక వేశాను. "పోతున్న" అని చెప్పి, కదిలాను.