నర్సయ్య కాక వదులుకున్న పదేళ్లు

కరెంటు పోయి, ఊళ్లు విడిచి వచ్చిన నేతవాళ్లుండే మా గోడాదరా సందులో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగినప్పుడు, ఏదో ఒక ఇంట్లోంచి దగ్గు వినిపిస్తుంది. చేస్తున్న పని ఆపి వింటాను. నర్సయ్య కాక పోయి రెండేళ్లయింది, ఆ దగ్గు ఆయనది కాదని తెలుసు. అయినా వింటాను.

కాకది జగిత్యాల వైపు పల్లె. మా పక్క గదిలోనే ఉండేవాడు. ముప్పై ఏళ్లు మగ్గం నడిపి ఊపిరితిత్తుల నిండా నూలు దుమ్ము పట్టించుకున్నాడు. భార్య లక్ష్మి చిన్నమ్మ కిడ్నీలు చెడి మంచం పట్టింది. పని దిగి రాగానే ఆమెను లేపి, స్నానం చేయించి, జడ వేసి, ఆ తర్వాతే తను టీ తాగేవాడు. దగ్గుతూనే చేసేవాడు అదంతా.

అప్పుడే నాకు ఒక ఆరోగ్య సర్వేలో పని దొరికింది. ఎవరికి తమ జబ్బు ఎంత భారమో కొలవాలి. ఈ జబ్బుతో పదేళ్లు బతుకుతారా, లేక అందులో కొన్నేళ్లు వదులుకుని మిగిలినవి పూర్తి ఆరోగ్యంతో బతుకుతారా అని అడగాలి. ఎంత ఎక్కువ ఏళ్లు వదులుకుంటే జబ్బు అంత భారమని లెక్క. తెలిసినవాళ్లతో మొదలుపెడితే సులువని, మహా తెలివిగా, కాక దగ్గరికే వెళ్లాను.

ఆయన చాలాసేపు ఆలోచించి, "పదీ రాస్కో బిడ్డా" అన్నాడు. రాసేసుకున్నాను. ఎందుకని అడిగితేనా! మా సూపర్‌వైజర్ కాగితం చూసి మొహం చిట్లించింది. పదీ వదులుకున్నాడంటే ఆయనకు బతుకూ చావూ ఒకటేనన్నమాట, ప్రశ్న అర్థమైందో లేదో మళ్లీ అడిగి రమ్మంది.

వెళ్తే అసలు సంగతి బయటపడింది. మగ్గాల దగ్గర ఒకడు తన పాళీ, అంటే షిఫ్టు, వదులుకుంటే అది వృథా కాదు. ఆ పూటకు అతని బదులు బదిలీవాడు ఎక్కి కూలి తీసుకుంటాడు. తను వదిలిన ఏళ్లు కూడా అలాగే ఎవరికో ఒకరికి ఇస్తారనుకున్నాడు కాక. చిన్నమ్మ పేరు చెబుదామంటే నేను అడగనే లేదట. అవి ఎవరికీ వెళ్లవు కాకా, ఊరికే పోతాయి అన్నాను. ఆయన మంచం వైపు చూశాడు.

"గట్లయితే ఒక్క దినం గూడ ఇయ్య. నేను పోతే ఆమెను ఎవరు లేపుతరు?"

పది కొట్టేసి సున్నా వేశాను. లెక్క ప్రకారం ఆ సున్నాకు అర్థం ఆయనకు ఏ భారమూ లేదని. నేను వేస్తుండగానే కాకకు దగ్గు తెర వచ్చింది. నాకు సిగ్గేసింది.

ఆ వానాకాలంలోనే చిన్నమ్మ పోయింది. పదకొండో దినం అయ్యాక కాక నన్ను పిలిచి గడప దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. గొంతులో కోపం లేదు.

"ముందుగాల రాసింది గట్లనే ఉంచితే మంచిగుంటుండె గద బిడ్డా."

అది ఉత్త కాగితమని ఆయనకు తెలియదా? తెలుసు. అయినా అన్నాడు.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు ఆ ప్రశ్న అడగడం నేర్పేది నేనే. అంకె వేసే ముందు ఇంట్లో ఎవరెవరున్నారో అడగమంటాను. ఫారంలో దానికి చోటు లేదు, అంచున రాయమంటాను. ఎవరైనా పదీ వదులుకుంటామన్నారని కాగితం వస్తే, మళ్లీ అడగడానికి ఎవరినీ పంపను, నేనే వెళ్తాను. వెళ్లి, కూర్చుని, వాళ్లు చెప్పిందంతా విని వస్తాను. ఇప్పటిదాకా ఒక్క పదినీ కొట్టేయలేకపోయాను.