భాస్కరంగారి అభిషేకాలు ఎవరికి చేరాయి

కోనసీమలో భాస్కరంగారికి ముగ్గురు అన్నలు. ఊళ్ళో గుడి మాత్రం ఒకటే. పూజ వంతు తిరిగి తనదాకా వచ్చేసరికి మంత్రాలు మరిచిపోయే ప్రమాదం ఉందని తోచి, పెళ్ళయిన కొత్తలోనే భార్య సీతారామలక్ష్మిగారినీ ఒక రాగిచెంబునూ వెంటబెట్టుకుని మెట్టప్రాంతానికి తరలిపోయారు. జంగారెడ్డిగూడేనికి అవతల ఒక పల్లె. పల్లెను ఆనుకుని కొండ, కొండలో గుహ, గుహ మధ్యలో మనిషెత్తు గుండ్రటి రాయి. ఊరివాళ్ళు దాన్ని కొండలింగం అనేవారు. భాస్కరంగారూ అదే అన్నారు. పానవట్టం లేదేమిటని ఆయనకొకసారి అనుమానం వచ్చింది గాని, స్వామివారి ఒంటి సంగతులు అర్చకుడు ఆరా తీయడం మర్యాద కాదని ఊరుకున్నారు.

అలా పాతికేళ్ళు అభిషేకాలు చేశారు. ఎమర్జెన్సీ వెళ్ళిపోయిన మరుసటి ఏడు పురావస్తు శాఖవారు వచ్చి, కొలతలు తీసి, గుహ ముందు నీలం బోర్డు పాతారు. ఇది ప్రాచీన బౌద్ధస్తూపమనీ, నీళ్ళు, నూనె, పసుపు, కుంకుమ నిషిద్ధమనీ అందులో ఉంది. ఆ విధంగా, త్రిపురాలను కాల్చిన దేవుణ్ణి నాలుగు మేకులతో బదిలీ చేశారు. స్వామివారు అభ్యంతరం తెలపలేదు.

ఊరికి వచ్చిన లోటేమీ లేదు. కొండ కిందే కొత్త లింగాన్ని ప్రతిష్ఠించుకున్నారు. అర్చకత్వం మళ్ళీ భాస్కరంగారికే ఇచ్చారు. కొండెక్కే పని తప్పినందుకు ఆయన మోకాళ్ళు సంతోషించాయి. మనిషికి మాత్రం అన్నం సహించడం మానేసింది.

బాధల్లా ఒక్కటే. ఇన్నేళ్ళూ శివుడి పేరు చెప్పి బుద్ధుడి నెత్తిన పోశారు. పోసింది నామీద కాదు గదా అని శివుడు పట్టించుకుని ఉండడు. పిలిచింది నన్ను కాదు గదా అని బుద్ధుడూ పట్టించుకుని ఉండడు. మరి అవన్నీ ఎవరికి చేరినట్టు?

"పోనీలెండి, తాగినవాళ్ళు తాగారు. పాలు మనింటి గేదెవేగా," అన్నారు సీతారామలక్ష్మిగారు. ఆ ఓదార్పు పనిచేయలేదు.

మాఘమాసంలో, రాజమండ్రి కాలేజీలో చరిత్ర చెప్పే వెంకటసుబ్బారావుగారు సింహళం నుంచి వచ్చిన యాత్రికులను బస్సులో తీసుకొచ్చారు. వాళ్ళకు పెద్ద ఒక ముసలి భిక్షువు. వాళ్ళకు స్తూపమంటే సాక్షాత్తు బుద్ధుడేననీ, దాని చుట్టూ తిరిగితే ఆయన చుట్టూ తిరిగినట్టేననీ, ఆ ప్రదక్షిణ కోసమే సముద్రం దాటి వచ్చారనీ లెక్చరరుగారు ఊరివాళ్ళకు ఉపన్యసించారు. గుహకు దారి చూపమని భాస్కరంగారిని అడిగారు. ఆయన తలస్నానం చేసి మరీ బయలుదేరారు. అడగవలసిన మాట ఆయనకూ ఒకటి ఉంది.

గుహలో భిక్షువు, దారిలో ఏరిన మోదుగపూలు రాయి ముందు ఉంచి ప్రదక్షిణ మొదలుపెట్టారు. భాస్కరంగారు గబగబా ముందుకొచ్చి చెయ్యి అడ్డం పెట్టారు. శివుడి అభిషేకజలం పారే కాలువను దాటకూడదు. అక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరగాలి. ఆ గుహలో కాలువ తొలిచిందీ, వచ్చినవాళ్ళందరినీ అక్కడ ఆపి వెనక్కి తిప్పిందీ ఆయనే.

"అక్కడ ఆగండి స్వామీ. దాటకూడదు," అన్నారు.

లెక్చరరుగారు చెమట తుడుచుకుంటూ సంగతి ఇంగ్లీషులో విన్నవించుకున్నారు. భిక్షువు ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నారు. సముద్రం దాటి వచ్చిన మనిషి జానెడు కాలువ దగ్గర నిలబడిపోయారు.

"ఒక్కమాట అడిగి పెట్టండి లెక్చరరుగారూ," అన్నారు భాస్కరంగారు. "ఇన్నేళ్ళు నేను పోసిందంతా ఎవరికి చేరిందండి?"

ప్రశ్న వెళ్ళింది. బదులుగా ప్రశ్నే వచ్చింది. పోసేటప్పుడు మీ మనసెక్కడ ఉండేదని అడుగుతున్నారట.

భాస్కరంగారికి ఆ చోట అబద్ధం ఆడటానికి నోరు రాలేదు.

"చాలామటుకు ఇంటిదగ్గరేనండి. గేదె కట్టు తెంచుకుందేమో, పొయ్యిమీద పప్పు మాడుతుందేమో అని. మావాడికి టైఫాయిడ్ వచ్చినప్పుడు ఒక్కరోజు మాత్రం, చెంబు పట్టుకుంటే ఇంక చెంబే ఉందండి. వాడూ గుర్తులేడు, నేనూ లేను. పొద్దువాలిందని మా ఆవిడొచ్చి పిలిస్తేగాని తెలీలేదు."

భిక్షువు చాలాసేపు మాట్లాడారు. లెక్చరరుగారు మొట్టమొదటిసారిగా కుదించి చెప్పారు.

"ఆ రోజుది చేరిందటండి. మిగతావి చేరలేదట. బెంగపెట్టుకోవద్దన్నారు. చిన్నప్పుడు దీక్ష తీసుకున్న దగ్గర్నుంచీ తనవీ అంతేనట."

భాస్కరంగారు వంగి కాలువలో వేలుపెట్టి చూసుకున్నారు. వేలికి దుమ్ము అంటింది.

"బోర్డు పెట్టాక నేను నీళ్ళు పొయ్యలేదు కదండీ. నీళ్ళు లేనప్పుడు దాటితే దోషం లేదు. శాస్త్రం ఒప్పుకుంటుంది. దాటమనండి."

ఏ శాస్త్రమని లెక్చరరుగారు అడగలేదు. భిక్షువు దాటారు. దాటి, ఆగి, ఈయనకేసి చెయ్యి చాపారు. భాస్కరంగారు పంచె కాస్త పైకెత్తి పట్టుకుని, అలవాటు కొద్దీ పంచాక్షరి జపిస్తూ కాలు అవతల పెట్టారు. అప్పటికి తన కాళ్ళకు బూట్లున్న సంగతి గుర్తొచ్చిన లెక్చరరుగారు, వాటిని బయట వదిలేసి మేజోళ్ళతో వచ్చి వెనక కలిశారు.