రేపటి మాటకు నేడే సంతకం

జయరత్నం గారు ఇక లేరన్న వార్త అమెరికాలో మేముండే క్యారీ ఊళ్లోని మా తెలుగు చర్చికి ఆదివారం ఆరాధన మధ్యలో చేరింది. విచారణ ఖైదీగా ఉన్న జైలులోనే గుండె ఆగి కన్నుమూశారట. ఔషధ పరిశోధనలో నాకు ఓనమాలు దిద్దించిన ఆ గురువర్యులకు అటువంటి అంత్యకాలం ప్రాప్తించిందంటే నా మనసు నేటికీ అంగీకరించడం లేదు.

వారి సత్యనిష్ఠ నిరుపమానం. ఒకసారి ఒక మందు పరీక్షలో ఒకే ఒక్క రీడింగ్ తేడాగా వచ్చింది. పైవాళ్లు ఎంత తొందరపెట్టినా వారు చలించలేదు. "నంబర్‌ని బతిమాలితే మారదయ్యా, మళ్లీ టెస్ట్ చేద్దాం" అన్నారు. అటువంటి మనిషి మీద, పరీక్షా ఫలితాలు తారుమారు చేశారన్న అభియోగం వచ్చింది. భారత పౌరులు గనుక స్వదేశానికి పారిపోవచ్చని ప్రభుత్వ న్యాయవాది బెయిల్‌ను వ్యతిరేకించారు.

ఇంట్లో వారి అర్ధాంగి కరుణ గారు క్యాన్సర్‌తో మంచం పట్టి ఉన్నారు. ఆమె చెంత ఉండాలన్న ఆరాటంతో వారు పాస్‌పోర్ట్ అప్పగించారు. అంతటితో ఆగక, ఎప్పుడైనా ఇండియాలో పట్టుబడితే తనను తిరిగి అమెరికాకు అప్పగించడానికి అభ్యంతరం చెప్పనని ముందుగానే రాసిస్తానన్నారు. జైలు అద్దానికి అవతల నుంచి, ఫోన్‌లో మాతో అన్నారు.

"ఏ పేపర్ అయినా సైన్ చేస్తాను. కరుణ దగ్గరికి వెళ్లనిస్తే చాలు."

వారి లాయర్ షారోన్ మా చర్చిలోనే పెరిగిన అమ్మాయి. "సైన్ చేయొచ్చు అంకుల్. కానీ అక్కడికెళ్లాక మీరు మైండ్ మార్చుకుంటే, ఇండియా కోర్ట్ ఈ పేపర్‌ని ఒప్పుకోవాలని రూల్ లేదు. జడ్జ్ అదే అడుగుతారు" అంది.

"నేను మార్చుకోనమ్మా."

"నాకు తెలుసు అంకుల్."

న్యాయమూర్తి అదే అడిగారు. అప్పగింతకు అభ్యంతరం చెప్పే రేపటి హక్కును నేడే వదులుకున్నానంటే, పరదేశపు న్యాయస్థానం దానికి కట్టుబడుతుందన్న భరోసా ఏదన్నారు. బెయిల్ రాలేదు. పై కోర్టులో అప్పీలు వేశాం. అది విచారణకు రాకముందే వారు వెళ్లిపోయారు.

నిందితుడు మరణించినందున కేసు ముగిసిందని కోర్టు తెలిపింది. ఆ సంగతి చెప్పడానికి మేము ఇంటికి వెళితే, కరుణ గారు దిండు మీంచి తల ఎత్తి, "మరి ఆయన తప్పు చేయలేదని రాసిస్తారా?" అని అడిగారు.

షారోన్ ఆమె చేయి పట్టుకుంది. "రాయరు ఆంటీ. ఇంక కేసే లేదు కదా."

అందుకే నేను రాస్తున్నాను. జయరత్నం గారు తప్పు చేయలేదు. పదేళ్లు వారి పక్కన నిలబడి పనిచేసినవాడిగా దీనికి నేను సాక్షిని. ఆ సాక్ష్యం చెప్పవలసిన చోట చెప్పే భాగ్యం మాత్రం నాకు ఇక ఎన్నటికీ లేదు.