నాయన రెండు చేతుల గాలం

లేదు ఖాదర్, నిన్న హిందూపురం అంగడిలో ఆ ఫైబర్ గాలం ఊపుతూ నువ్వన్న మాట తప్పు. "రెండు చేతుల్తో పట్టుకునేది చాతగానోళ్ల గాలమప్పా" అని నవ్వావు. అట్లా పట్టుకున్నది మా నాయన.

ధర్మవరంలో పెరిగినవాళ్లకు గుర్తుంటుంది, డెబ్బైల్లో గాలమంటే వెదురు కర్రే. రోజంతా మగ్గం తాడు లాగి లాగి నాయన కుడి భుజం పైకి లేచేది కాదు. అందుకే కర్ర పొడవు పెంచి రెండు చేతులతో విసరడం మొదలుపెట్టాడు. పెనుకొండ చెరువుకు పోయే రైల్లో అంత కర్ర పట్టక, నడిమికి కోసి, చెరువు గట్టున సైకిల్ ఇనుప గొట్టం ముక్కలో రెండు కొసలూ దూర్చి కలిపాడు. మొదటి పెద్ద చేపకే అది గొట్టం దగ్గర విరిగింది.

బడి మానేసిన నేను అప్పుడు పాత పడుగుకు కొత్త పోగులు అతికే పనిలో ఉన్నాను. "ఇనుమెందుకు నాయనా? రెండు కొసలూ ఏటవాలుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పెట్టి పట్టుదారంతో చుడదాం, రైలెక్కే ముందు విప్పేద్దాం" అన్నాను.

"బడిలో కాలు నిలవనోడికి బుర్ర బాగానే ఉండాదే!" అన్నాడు నాయన.

ఆ అతుకు మళ్లీ విరగలేదు. ఎనభైల్లో ఊరంతా గాలాలకు నైలాన్ దారం కడితే ఆయనా కట్టాడు గానీ, కర్ర మాత్రం మార్చలేదు.

ఇప్పుడు ఆ రెండు ముక్కలూ పట్టుకుని ధర్మవరం స్టేషన్‌లో రైలెక్కి కూర్చున్నాను. నువ్వూ పెనుకొండ చెరువుకు రా. నాయన ఎట్లా విసిరేవాడో నీ కళ్ల ముందే విసిరి చూపిస్తాను. రైలు కదుల్తాంది, పోతాండా.