విశ్వకర్మ పూజకు కడిగిన చేపలతొట్టి

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో విశ్వకర్మ పూజ వచ్చిందంటే ఇంట్లో యంత్రమన్న ప్రతిదానికీ తలంటే. మా తాతయ్య వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. సైకిలు, అమ్మ కుట్టుమిషను, పానాల పెట్టె, ఆఖరికి గోడగడియారం కూడా ఆ రోజు మెరిసి తీరాలి. మెరవని వస్తువుకు బొట్టు పెట్టేవాడు కాదు.

ఒక ఏడు ఎండాకాలంలో నాయనమ్మ పోయింది. ఆమె ఆఖరి రోజుల్లో తాతయ్య ఆమె పడుకున్న గదిలోకి రాలేక వరండాలోనే కూర్చుండిపోయాడని అమ్మ తర్వాత చెప్పింది. ఆమె పోయాక మాట మానేశాడు. ఎవరైనా బలవంతపెడితే నాలుగు ముద్దలు తినేవాడు. అది చూడలేక మా నాన్న ఇనప చట్రం అతికించి, అద్దాలు బిగించి, సందుల్లో పుట్టీ కూరి చేపలతొట్టి ఒకటి తయారుచేశాడు. అడుగున ఇసుక, గులకరాళ్ళు, నాలుగు నాచు మొక్కలు, బుడగలు వదిలే చిన్న మోటారు. గోల్‌బజార్ నుంచి ఎర్రవీ నల్లవీ చేపలు తెచ్చి వదిలాడు.

తాతయ్య మొదట అటు చూడనే లేదు. పోనుపోను కుర్చీ దాని ముందుకు జరుపుకున్నాడు. చిటికెడు మేత వేస్తూ చేపలతో ఏదో అనేవాడు. మాతో కాకపోయినా, మాటంటూ వచ్చింది కదా అని అమ్మ కళ్ళొత్తుకునేది.

పూజ వచ్చింది. మోటారున్నదేదైనా విశ్వకర్మ సొత్తేనని తాతయ్య తేల్చాడు. చేపల్ని బకెట్లోకి తీసి, ఇసుకను మరిగే నీళ్ళతో కడిగి, రాళ్ళు సోడా వేసి తోమి, అద్దాలకు పట్టిన పాకుడంతా గీకేశాడు. నాయనమ్మ పోయాక ఆయన నడుం వంచి పనిచేయడం అదే మొదలు. ఎవరం వద్దంటాం? ఇంటిల్లిపాదీ కుళాయి నుంచి నీళ్ళు మోసి అందించాం. అద్దానికి కుంకుమబొట్టు, మోటారుకు బంతిపూల దండ. ఆ మధ్యాహ్నం తాతయ్య పులిహోర మారు అడిగి వేయించుకున్నాడు. మా ఇంట్లో మళ్ళీ వెలుగొచ్చిందనుకున్నాం.

ఒకటి రెండు రోజుల్లో తొట్టి నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడ్డాయి. చేపలన్నీ పైకి చేరి నోళ్ళు తెరుస్తున్నాయి. ఒక ఎర్రది అప్పటికే వెల్లకిలా తేలింది. తాతయ్య దాన్ని దోసిట్లో పట్టుకుని, "సుబ్బరంగా కడిగినాను కదే" అని నన్నే అడిగాడు.

పక్కింటి బెంగాలీ దీదీ వాళ్ళింట్లో ఎప్పటినుంచో చేపలు పెంచేవారు. అమ్మ ఆమెను పిలుచుకొచ్చింది. ఆ ఇసుకకూ రాళ్ళకూ పట్టిన జిగురులోనే కంటికి కనబడని ప్రాణులుంటాయనీ, చేపల మలినాన్ని విరిచేవి అవేననీ, వాటిని కడిగేశాక చేపలకు తమ మలినమే విషమవుతుందనీ ఆమె చెప్పింది. అవి మళ్ళీ పుట్టుకురావాలంటే వారాలు పడుతుందట. అందాకా కుళాయి నీళ్ళు ముందురోజే పట్టి, అందులో కలిపే క్లోరిన్ మందు వాసన పోయేదాకా ఉంచి, రోజూ కాస్త పాతది తీసి కాస్త కొత్తది పోయాలట. వెళ్ళేముందు తాతయ్య చెయ్యి పట్టుకుంది.

"దాదూ, ఆశా రాఖ్‌బేన్ నా."

ఆశ పెట్టుకోవద్దని. తాతయ్య తలూపాడు. ఆ సాయంత్రమే బకెట్టు నింపి పెట్టాడు.

రోజూ పొద్దున్నే మగ్గుతో నీళ్ళు తీయడం, మగ్గుతో పోయడం. చేపలు ఒక్కొక్కటే పోతూనే ఉన్నాయి. పోయినదాన్ని మందారం కింద పూడ్చి, చెయ్యి కడుక్కుని మళ్ళీ మగ్గు పట్టేవాడు. కొత్తవి తెస్తానని నాన్న అంటే వద్దన్నాడు. చివరికి ఒక నల్లది మిగిలింది. అదీ అడుగున ఒరిగిపోయి, బతికుందో లేదో తెలియకుండా ఉంది. ఎలాగూ పోయేదానికి నీళ్ళెందుకు తాతయ్యా అన్నాను.

"పోతాదని నాకు తెల్దేటే అమ్మా? పోయేదాకా బతికున్నట్టే కదా. బతికున్నంతసేపు దానికి నీల్లు బాగుండాల."

మర్నాటికి అదీ పోయింది. తాతయ్య మళ్ళీ వరండాలోకి కుర్చీ మార్చుకున్నాడు. ఖాళీ తొట్టిలో అమ్మ ఉల్లిపాయలు పోసింది. మరుసటి పూజకు సైకిలు కడిగే మనిషి ఇంట్లో లేడు.

ఇప్పుడు అదే ఊళ్ళో తాల్‌బగీచాలో మా ఇంట్లో మా ఆయన మంచం మీదున్నారు. పక్షవాతం వచ్చాక నన్ను గుర్తుపట్టరు. ఇంక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పేశాడు. నాకూ ఆశ లేదు, ఉందని అబద్ధమాడలేను. ఏమీ తెలియని మనిషికి రోజూ ఒళ్ళు తుడిచి, తల దువ్వి, దుప్పటి మార్చడం ఎందుకమ్మా అని మా అమ్మాయి అడుగుతుంది. ఒక్కోరోజు నాకూ అలాగే అనిపిస్తుంది. వరండాలోకి పోయి కూర్చోవాలనిపిస్తుంది. పొద్దున్నే కుళాయి నీళ్ళు చల్లగా తగిలితే ఆయన ఒళ్ళు జలదరిస్తుంది. అందుకని రేపటి నీళ్ళు ఇప్పుడే బకెట్లో పట్టి గదిలో పెట్టాను.